చెనిక్కాయల మూటల మధ్య పాట

అనంతపురంలో మా మనవరాలు కొత్తగా ఇల్లు కట్టుకుంది. హాల్లో నిలువెత్తు స్పీకర్లు రెండు పెట్టించింది. గృహప్రవేశం నాడు వాటిలో పాట వింటుంటే నాకే ముచ్చటేసింది. చుట్టాలంతా జంపఖానాల మీద ఒకరినొకరు ఒరుసుకుంటూ కూర్చున్నారు. ఒళ్ళలో పిల్లలు, గోడవారన పరుపులు, దుప్పట్ల మూటలు. అంత సందట్లోనూ పాట మాట మాటగా, తేటగా వినిపించింది.

చుట్టాలు వెళ్ళిపోయారు. జంపఖానాలు, పరుపులు అద్దెకిచ్చినవాళ్ళు పట్టుకుపోయారు. మర్నాడు అదే పాట, అవే స్పీకర్లు. గొంతు మారిపోయింది. ఒక మాట పూర్తి కాకముందే ఇంకో మాట వచ్చి దాని మీద పడుతోంది. తాళం వేసినప్పుడల్లా ఎవరో స్టీలు గిన్నెలు కింద పడేసినట్టుంది. మనవరాలి ముఖం వాడిపోయింది. షాపుకు ఫోన్ చేస్తే ఒకతను వచ్చి, సెల్‌ఫోన్ అటూ ఇటూ తిప్పి చూసి తేల్చేశాడు.

“దీనికి ఇంకొక పెట్టె కావాలి మేడం. పెద్దది.”

“పెట్టె కాదప్పా, మూటలు కావాల,” అన్నాను నేను.

అతను నా వైపు చూసి నవ్వాడు. మనవరాలి వైపు తిరిగి, “తాతగారికి వయసైపోయింది కదా, చెవులు కొంచెం...” అని చెయ్యి ఆడించాడు.

నాకు కోపం వచ్చింది. ఊరికే కోపం తెచ్చుకుంటానని ఇంట్లో నన్ను అంటుంటారు. ఊరికే వచ్చింది కాదిది. పాడే పెట్టె గొంతు ఎందుకు పోతుందో నాకు చిన్నప్పుడే తెలుసు. నేను ఐదో తరగతి దాటలేదు, నిజమే. ఈ చదువు నాకు బడిలో రాలేదు. వీపు మీద వచ్చింది. చింతబరికతో.

మాది ముదిగుబ్బ వైపు పల్లె. వాన కోసం ఆకాశంలోకి చూసి చూసి మెడలు సాగిన మనుషులు మావాళ్ళు. రాతి గోడలు, నాపబండల నేల, పైన కూడా బండలే పరిచిన మిద్దె మా ఇల్లు. ముందు గదిని పడసాల అనేవాళ్ళం. ఊళ్ళో అంత పెద్ద పడసాల ఇంకొకటి లేదు. చెనిక్కాయ, అదే వేరుశనగ, పంట చేతికి వచ్చిందంటే ఆ పడసాల మాది కాదు, మూటలది. నేల నుంచి పైబండ దాకా గోనె మూటలు పేర్చేవాళ్ళు. మనుషులు తిరగడానికి మధ్యలో సందు ఒకటి మిగిలేది. పచ్చి కాయ వాసన, ఎర్రమట్టి వాసన, గోనె వాసన మా అన్నంలోకీ, గుడ్డల్లోకీ, నిద్రలోకీ వచ్చేవి. ధర వచ్చేదాకా నాయన ఆ మూటలు కదిలించేవాడు కాదు. ఆ వాసనతోనే చలికాలమంతా గడిచిపోయేది.

అలాంటి రోజుల్లో మా చిన్నాయన ఆ పెట్టె తెచ్చాడు.

చిన్నాయన గుంతకల్లులో రైల్వే ఉద్యోగి. అక్కడ ఒక ఆంగ్లో ఇండియన్ డ్రైవరు ఊరు విడిచిపోతూ సామాన్లు అమ్మేస్తే, ఆ పెట్టె మీద మనసుపడి కొన్నాడు. కంబళిలో చుట్టి, బస్సు మీద వేసి, రోడ్డు దగ్గర దింపి, ఎద్దులబండిలో ఇంటికి చేర్చాడు. పళ్ళెం తిరిగే మిషను ఒకటి, దానికి తీగతో తగిలించిన స్పీకరు పెట్టె ఒకటి. స్పీకరు పెట్టె దాదాపు నా అంత ఎత్తు. ముందు గోధుమరంగు బట్ట.

నాయన దాని చుట్టూ ఒకసారి తిరిగి, “ఏం రా ఇది? దీంట్లో పండుకొనేదా?” అన్నాడు.

“అన్నా, ఒక్క పాట ఇను. నచ్చకపోతే నేనే ఎత్తుకొని పోతా.”

“మూటలకే జాగా లేదు, ఇదొకటి. యాడ పెడతావు?”

పెట్టడానికి నిజంగానే చోటు లేదు. మూటలు కొన్ని జరిపి, పక్షి గూడులాగా ఒక గుంట చేసి, అందులో దాన్ని కూర్చోబెట్టారు. స్విచ్చి వేస్తే లోపల దీపాలు ఎర్రగా వెలిగాయి. కాలిన దుమ్ము వాసన ఒకటి వచ్చింది. ఇప్పటి యంత్రాలకు ఆ వాసన లేదు. అదే పెద్ద లోటని నా అభిప్రాయం. చిన్నాయన నల్లటి పళ్ళెం పెట్టి, సూదిని మెల్లగా దించాడు. ఎవరో ఒకామె తత్వాలు పాడడం మొదలుపెట్టింది.

అప్పుడు మా జేజి చేసిన పని నేను చచ్చేదాకా మర్చిపోను. జేజి అంటే నాయన తల్లి. కళ్ళకు పొరలు కమ్మి, ఆమెకు వెలుతురూ నీడా తప్ప ఏమీ తెలిసేది కాదు. చూపు ఉన్న కాలంలో చుట్టుపక్కల ఏ ఊళ్ళో భజన జరిగినా ముందు వరసలో కూర్చున్న మనిషి. చూపు పోయాక గడప దాటడం మానేసింది. పాట వినపడగానే ఆమె మూటకు ఆనుకున్న వీపు ఎత్తి, చెయ్యి చాపి, ముందున్న గాలిని తడిమింది.

“ఏమ్మా, యాడ కూచున్నావు? ఇట్ల దగ్గరికి రామ్మా,” అంది.

ఎవరూ నవ్వలేదు. పాట అంత దగ్గరగా ఉంది. ఆమె ఊపిరి తీసుకోవడం కూడా వినిపించింది. నాయన తలగుడ్డ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. పళ్ళెం అయిపోయాక, “సరేలే, ఉండనీ,” అన్నాడు.

ఆ రోజు మొదలు సాయంత్రమైతే వీధి వీధంతా మా పడసాలలోనే. మూటలే కుర్చీలు, మూటలే మేడలు. మేం పిల్లలం పైబండకు తల తగిలేంత ఎత్తున ఎక్కి కూర్చునేవాళ్ళం. అమ్మ బొరుగులు కలిపి పెట్టేది. అవి అయిపోతే మూటల కుట్లలో వేలు పెట్టి కాయలు లాగేవాళ్ళం. పాట పైస్థాయికి పోయినప్పుడు టప్పున వలిచేస్తే శబ్దం ఎవరికీ వినిపించేది కాదు. పాటకు తగ్గట్టు కాయలు వలవడం అప్పుడు నేర్చుకున్న విద్యే. పొట్టు మాత్రం స్పీకరు పెట్టె వెనక్కి తోసేవాళ్ళం. వెనక్కి. లోపలికి కాదు. ఈ మాట గుర్తుపెట్టుకోండి.

ఎదురింటి మామకు గొర్రెల మంద ఉండేది. ఆయన రోజూ వచ్చి, భుజాన కంబళి దించకుండా గడప దగ్గర కూర్చుని ఏదో ఒక వంక పెట్టేవాడు.

“ఏమప్పా, ఈయమ్మకు కూలి ఎంతిస్తాండారు? సంగటన్నా పెడతాండారా లేదా?”

“నువ్వు నోరు మూసుకొని ఇంటే నీకూ పెడతాం,” అనేది జేజి.

తర్వాత ధర వచ్చింది. లారీ వచ్చింది. ఒక్క పగటిపూటలో మూటలన్నీ ఎక్కిపోయాయి. విత్తనాల మూటలను కూడా ఆ ఏడు నాయన వెనక గదిలోకి మార్చాడు. ఉగాదికని పెట్టె ఉన్న చోటు తప్ప పడసాల అంతా కడిగి, గోడలకు సున్నం కొట్టించాడు. ఆ ఖాళీ పడసాలలో మా పిల్లల ఆనందం చెప్పలేను. ‘కూ’ అని అరిస్తే అది ‘కూ’ అని తిరిగి అరిచేది. పగలంతా అరిచాం. అమ్మ గరిటె పట్టుకుని వచ్చేదాకా అరిచాం. ఇంత పెద్ద సమాధానం చెవుల్లో మోగుతున్నా, అందులో ప్రశ్న ఉందని ఒక్కరికీ తోచలేదు.

పండగనాడు ఓళిగలు తిని, వక్కాకు వేసుకుని, అందరూ పాటకు సిద్ధమయ్యారు. నాయన పళ్ళెం పెట్టాడు. అంతే. గొంతు లేదు. రేకు డబ్బాలో రాళ్ళు వేసి ఆడించినట్టుంది. పాడే మాట ఒకటైతే మూడు వినిపిస్తున్నాయి.

జేజి చెవి ఒగ్గి, తల అడ్డంగా ఊపింది. “ఇది ఆయమ్మ కాదు రా. ఎవురో బాయిలో పడి కేకేస్తాండారు.”

నాయన స్పీకరు పెట్టెను ముందుకు లాగి వెనక చూశాడు. చలికాలమంతా మేం తోసిన చెనిక్కాయల పొట్టు సున్నం కొట్టినవాళ్ళు పెట్టెను జరిపినప్పుడు దాంతోపాటే జరిగి, కుప్పగా ఉంది. ఆ కుప్పను చూశాడు. తర్వాత నన్ను చూశాడు.

“నువ్వేనా రా?”

“ఎనక ఏసినాం నాయనా, లోపలికి కాదు...”

“ఏసినావు గదా!”

తక్కిన పిల్లలంతా ఎప్పుడు మాయమయ్యారో తెలీదు. చింతబరిక నా ఒక్కడి వీపు మీదే ఆడింది. పొట్టు వేయడం తప్పే. దానికి కొట్టి ఉంటే నేను ఈపాటికి మర్చిపోయేవాణ్ణి. పాట చెడగొట్టావని కొట్టాడు. ఇన్నేళ్ళ తర్వాత కూడా చెప్తున్నాను, పాట నేను చెడగొట్టలేదు.

ఆ దెబ్బలతో పాట బాగుపడలేదు కదా. ఊరంతా వైద్యులయ్యారు. కరెంటు బలం చాలడం లేదని ఒకరు, సూది అరిగిందని ఒకరు. దిష్టి తగిలిందని అమ్మ ఉప్పూ మిరపకాయలూ తిప్పి పొయ్యిలో వేసింది. ఇల్లంతా దగ్గు. పెట్టె మాత్రం ఎప్పటిలాగే కూసింది. చిన్నాయన సెలవు పెట్టి వచ్చి, మళ్ళీ కంబళిలో చుట్టి, బస్సెక్కించి గుంతకల్లుకు తీసుకుపోయాడు. అక్కడ ఆయన క్వార్టర్సు ఒకే గది. మంచాలు, పరుపులు, తీగల మీద ఆరేసిన చీరలు, దండిగా పిల్లలు. అక్కడ పెడితే పాట బంగారంలా ఉందట. ఆనందంతో తిరిగి తెచ్చాడు. మా పడసాలలో పెట్టాడు. మళ్ళీ రేకు డబ్బా.

“నీకు ఆడ ఒక చెవి, ఈడ ఒక చెవి ఉండాయేమిరా?” అని నాయన తమ్ముణ్ణి నిలదీశాడు.

“దేవుని మీద ఒట్టు అన్నా, ఆడ బాగా పాడింది.”

గడప దగ్గర నుంచి మామ అందుకున్నాడు. “దానికి మనూరి నీళ్ళు పడల్యా. రైలు నీళ్ళు తాగిన పెట్టె గదా!”

నాయన నవ్వలేదు. “ఈ సంతకు తోలేస్తాం. దీని కూతకు అమ్మకు తలనొప్పి వస్తాంది,” అన్నాడు.

జేజి కాదనలేదు. “అట్లే కానీ రా,” అని గోడ వైపు తిరిగింది. ఆ మాట నాకు చింతబరిక కంటే గట్టిగా తగిలింది. మళ్ళీ ఆమెకు మిగిలేది వెలుతురూ నీడే. అదీ నా వల్లనే అని ఊరంతా అనుకుంటోంది. నా పేరు కూడా మారిపోయింది. బావి దగ్గర ఆడవాళ్ళు నన్ను “పొట్టోడా” అని పిలిచేవాళ్ళు. పొట్టిగా ఉన్నానని కాదు, పొట్టు వేశానని.

సంతకు ముందు రోజు వాన వచ్చింది.

మా ఊళ్ళో ఈ వాక్యాన్ని ఇంత మామూలుగా ఎవరూ రాయరు. కాలం కాని కాలంలో, ఎవరూ ఎదురుచూడనప్పుడు, తూర్పున మబ్బు లేచి దడదడమని పడింది. ఆ రోజు వీధి చివర మామ గొర్రెలకు ఉన్ని కత్తిరిస్తున్నారు. తడిస్తే ఉన్ని పాడవుతుందని, కత్తిరించినవాళ్ళంతా మూటలు కట్టి, నెత్తిన పెట్టుకుని, దగ్గరగా ఉన్న మా పడసాలలోకి పరుగెత్తుకొచ్చారు. ఉన్ని మూటలు గోడల వెంబడి గుట్టలుగా పడ్డాయి. మగ్గం మీది నుంచి దించిన కంబళ్ళు కూడా తెచ్చి దండెం మీద వేశారు. వెనకే మనుషులు, మనుషుల వెనక పిల్లలు, పిల్లల వెనక రెండు గొర్రెపిల్లలు. ఉన్ని మురుగు వాసన, తడిమట్టి వాసన, వేయించిన చెనిక్కాయల వాసన, అన్నీ కలిసి ముక్కులు నిండిపోయాయి. కాయలు వేయించింది అమ్మే. వాన పడిందంటే ఆమెకు అంత సంతోషం. అందరూ ఒకేసారి మాట్లాడుతున్నారు, అందరూ నవ్వుతున్నారు.

వాన పడితే కరెంటు పోవడం మా ఊరి ఆచారం. ఆ రోజు ఎందుకో పోలేదు.

“రేపు సంతకు పొయ్యేదే గదా. ఈ ఒక్క తూరి ఆయమ్మను పిలవండి రా,” అంది జేజి.

నాయన అయిష్టంగానే లేచి, పళ్ళెం పెట్టి, సూది దించి, చెవులకు చేతులు అడ్డం పెట్టుకున్నాడు.

ఆయమ్మ వచ్చింది. రేకు లేదు, బావి లేదు. మొదటి రోజు మూటల మధ్య నుంచి ఎలా పలికిందో అలాగే, ఒక్కొక్క మాటా విడిగా, ఊపిరితో సహా వచ్చింది. నాయన చేతులు వాటంతటవే కిందికి దిగాయి. జేజి గోడ వైపు నుంచి ఇటు తిరిగింది. ఆమె ముఖం చూసి మామ కూడా వంక పెట్టలేదు.

వాన తగ్గింది. పని మిగిలి ఉన్నవాళ్ళు ఒక్కొక్కరే లేచి, చప్పుడు చేయకుండా మూటలు ఎత్తుకుని బయటికి నడిచారు. కంబళ్ళు తీసి భుజాన వేసుకున్నారు. పాట నడుస్తూనే ఉంది. నడుస్తూ నడుస్తూ పలచబడింది. అంచులు కరుకెక్కాయి. బావి మళ్ళీ నోరు తెరుస్తోంది.

జేజి ఉన్నట్టుండి కేకేసింది.

“ఎవురప్పా ఆడ మూటలు ఎత్తేది! దించండి! ఆడనే దించండి! ఆయమ్మను తీస్కపోతాండారు మీరు!”

అందరూ ఎక్కడివాళ్ళక్కడ నిలబడిపోయారు. చూపు లేని మనిషికి మూటలు ఎత్తడం ఎలా తెలిసింది? నాయన నెత్తి గోక్కున్నాడు. తర్వాత మెల్లగా, “ఆ మూటలు లోపలికి తేండి,” అన్నాడు. తెచ్చారు. పాట చిక్కబడింది. “బయట పెట్టండి.” పెట్టారు. పలచబడింది. “తేండి.”

“ఏం బావా, నా ఉన్నితో కోలాటం ఆడిస్తాండావా?” అన్నాడు మామ.

“సప్పుడు చెయ్యొద్దు. మూటలు లేకపోతే దీనికి గొంతు లేదు. చూస్తాండావు గదా!”

నేను ముందుకు వచ్చి నిలబడ్డాను. చొక్కా ఎత్తి వీపు చూపించాను.

“మరి దీనికేం చెప్తావు నాయనా?”

పడసాల అంతా గొల్లుమంది. జేజి కూడా పళ్ళు లేని నోటితో నవ్వింది. మా ప్రాంతంలో నాయనలు చెప్పరు. నాయన అమ్మ చేతిలోని చేట అందుకుని, వేడి వేడి చెనిక్కాయలు గుప్పెడు తీసి, బెల్లం ముక్కతో కలిపి నా దోసిట్లో పోశాడు.

“ఇందా. పొట్టు మాత్రం బయట ఎయ్యి,” అన్నాడు.

పెట్టె సంతకు పోలేదు. విత్తనాల మూటలు పడసాలకు తిరిగి వచ్చాయి. గోడలకు కంబళ్ళు వేలాడాయి. మామ తన ఉన్నికి మా ఇంటినే గోదాము చేసుకున్నాడు. పాట వినడానికి ఎవరొచ్చినా ఒక గోనెసంచో కంబళో చంకన పెట్టుకునే రావాలని జేజి ఆజ్ఞ. ఉత్త చేతులతో వచ్చినవాణ్ణి ఆమె అడుగుల శబ్దంతోనే పట్టేసేది. “ఏం రా, ఒట్టి ఈపుతో వచ్చినావా? పాటలో కూతను మింగేదెవురు?” అనేది. విత్తనాలు వేసే కాలంలో మూటలు ఒక్కొక్కటే పొలానికి కదిలేవి. పాట వింటూ వింటూ జేజి తల పంకించి, “ఇత్తనం చేన్లో పడింది,” అనేది. ఊళ్ళో విత్తనం పడిన సంగతి పాటలో తెలుసుకున్న మనిషి ఆమె ఒక్కతే అనుకుంటాను.

తర్వాత చాలా ఏళ్ళకు పాత పుస్తకాల అంగట్లో ఒక సైన్సు పుస్తకం కొని, కూడబలుక్కుని చదివాను. రాయి, అద్దం శబ్దాన్ని మింగవు, తిప్పి కొడతాయి. ఉన్ని, గోనె, మనిషి ఒళ్ళు దాన్ని మింగుతాయి. ఇంత పెద్ద సంగతి ఎవరూ చెప్పకుండా పెట్టె మీద పెట్టె అమ్ముతారెందుకని నా బాధ. పాడేదాంట్లో సగం పెట్టె, సగం గది. నున్నటి గ్రానైటు పరిచి, గోడంత అద్దాలు బిగించి, ఒక కుర్చీ ఇక్కడా ఒక కుర్చీ అక్కడా వేసుకుని, గొంతు బాగాలేదని పెట్టెను తిడితే అదేం చేస్తుంది?

షాపతను పోయాక నా ట్రంకుపెట్టె తెరిచాను. మడకశిర సంతలో ఎప్పుడో కొన్న కంబళి అందులో ఉంది. దాన్ని స్పీకర్ల ఎదుటి గోడకు వేలాడదీయించాను. జంపఖానాలు పరిపించాను. ఇంట్లో ఉన్న పరుపులు తెప్పించి మూలల్లో నిలబెట్టించాను. మనవరాలు “ఏంది తాతా ఇది, చూసేవాళ్ళు నవ్వుతారు,” అని గొణుగుతూనే అన్నీ చేసింది. ఇరుగుపొరుగు ఆడవాళ్ళను, వాళ్ళ పిల్లలను పిలుచుకొచ్చింది. వేయించిన చెనిక్కాయలు తట్టనిండా నేను తెప్పించాను. పాట పెట్టింది. నేను చెప్పేదేముంది, ఆమె ముఖమే చెప్పింది.

“తాతా! మాట మాటా ఇనపడతాండాది!”

కళ్ళు మూసుకున్నాను. పాట చిక్కగా ఉంది, దగ్గరగా ఉంది, చెయ్యి చాపితే అందేలా ఉంది. ఆ పడసాల గుర్తొచ్చింది. దాంట్లోంచి ఒక్కొక్కరే, చప్పుడు చేయకుండా, తమ తమ మూటలు ఎత్తుకుని లేచిపోయారు. ముందు జేజి, తర్వాత మామ, నాయన, అమ్మ, చిన్నాయన. ఎత్తొద్దప్పా, ఆడనే దించండి అని కేకేసే తెలివి నాకు అప్పుడు లేకపోయింది.

పాట అయిపోయింది. పిల్లలు బయటికి పరుగెత్తారు. మనవరాలు ఊడ్చడానికి స్పీకరు పక్కకు జరిపి, నడుం మీద చెయ్యి వేసుకుని నిలబడింది.

“తాతా! ఈడ చెనిక్కాయల పొట్టు ఏసింది ఎవురు?”

“ఎనక ఏసినా అమ్మా,” అన్నాను. “లోపలికి కాదు.”